‘గొర్రెదాటు’ అనే నింద: మంద, మనిషి, బస్తర్ సరిహద్దు

తెలుగు పత్రికా రచయితలకు ‘గొర్రెదాటు’ అన్నంత సులభంగా అందివచ్చే నిందావాచకం మరొకటి ఉండదు. ఓటర్లు ఒకే పక్షం వైపు మొగ్గినా, విద్యార్థులు ఒకే చదువు కోసం ఎగబడినా, యువకవులు ఒకే ధోరణిలో రాసినా, విమర్శకుడి చేతికి ముందుగా తగిలేది ఈ మాటే. సంస్కృత పండితులు దీనినే గడ్డరికాప్రవాహ న్యాయమన్నారు. ముందు నడిచే గొర్రె ఏటిలో పడితే వెనుకవన్నీ పడతాయని దాని తాత్పర్యం. ఈ అభిప్రాయం భారతదేశానికే పరిమితమైనది కాదు. అరిస్టాటిల్ తన జంతుచరిత్రలో నాలుగు కాళ్ళ జంతువులన్నిటిలోకీ తెలివితక్కువది గొర్రె అని తీర్పు చెప్పాడు. ఫ్రెంచి హాస్యరచయిత రాబ్లే 1552లో వెలువరించిన నాలుగవ గ్రంథంలో పానూర్జ్ అనే పాత్ర ఒక గొర్రెను కొని సముద్రంలో పారవేస్తే, తక్కిన మంద అంతా దాని వెనుకే దూకుతుంది. ఆ కథ కారణంగానే ఫ్రెంచిలో ‘పానూర్జ్ గొర్రెలు’ అనే జాతీయం నేటికీ నిలిచింది.

ఇంతమంది ఇన్ని భాషల్లో ఒకే మాట అనడం కూడా ఒక రకమైన గొర్రెదాటే కదా అని ఎవరైనా చమత్కరిస్తే తప్పు పట్టలేము. అయితే చమత్కారంతో తీరిపోయే విషయం కాదిది. ఒక జంతువు నడవడి నుంచి పుట్టిన మాట మనుషుల మీదికి మళ్ళినప్పుడు, ఆ మనుషుల గురించి తెలుసుకోవలసిన అవసరం లేకుండా చేస్తుంది. ఆ పని ఎలా జరుగుతుందో చూడాలంటే ముందు ఆ మాటను పుట్టించిన వాడెవడో, దానిని వాడుతున్న వాడెవడో విడదీసి చూడాలి.

తెలుగు సామెతల్లోనే ఈ ఇద్దరి గొంతులూ వినిపిస్తాయి. ‘గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుంది’ అనేది దూరం నుంచి చూసేవాడి మాట. గొర్రెకు కసాయి ఎవరో, కాపరి ఎవరో తెలియదని అందులోని ఎగతాళి. ‘గొర్రెల గోత్రాలు కాపరికెరుక’ అనేది మందలో తిరిగినవాడి మాట. ఊరి వారికి నూరు గొర్రెలూ ఒకే గొర్రెగా కనిపిస్తాయి. కాపరికి మాత్రం ఒక్కొక్కటి వేరు: ఏది ఎవరి పిల్ల, ఏది ఏ ఈత, ఏది చూడిది, ఏది మందను వదిలి చేలో పడే దొంగది. గొర్రె మీద పెద్ద మనుషులు వేసిన నిందలో నిజానికి ఒప్పుకోలు దాగి ఉన్నది. ఒకదానినొకటి గుర్తించలేకపోయింది గొర్రెలు కాదు, చూసేవారు.

ఇది కేవలం అలంకారోక్తి కాదు. ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ సమీపంలోని బాబ్రహమ్ సంస్థలో కీత్ కెండ్రిక్, ఆయన సహచరులు 2001లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన పరిశోధన ప్రకారం గొర్రె 50 తోటి గొర్రెల ముఖాలను వేరువేరుగా గుర్తించి, రెండేళ్ళకు పైగా గుర్తుంచుకుంటుంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో జెన్నీ మోర్టన్ బృందం 2017లో 8 గొర్రెలకు ఫోటోల ద్వారా కొందరు ప్రసిద్ధుల ముఖాలను గుర్తించడం నేర్పింది. తెలిసిన ముఖాన్ని వేరే కోణం నుంచి చూపినా అవి చాలావరకు పోల్చుకున్నాయి. పైగా తమను సాకే మనిషి ఫోటోను ముందుగా ఏ శిక్షణా లేకుండానే ఎంచుకున్నాయి. కసాయివాణ్ణి నమ్మడం సంగతి ఎలా ఉన్నా, కాపరిని గుర్తుపట్టడంలో గొర్రెకు లోటేమీ లేదన్నమాట.

ఇక దాటు సంగతి. ఫెర్నాండో పెరువానీ మొదలైనవారు 2022లో ‘నేచర్ ఫిజిక్స్’లో ప్రచురించిన అధ్యయనం చిన్న మందల కదలికను పరిశీలించింది. మంద మేస్తూ ఆగుతుంది, మళ్ళీ కదులుతుంది. కదిలిన ప్రతిసారీ ఒక గొర్రె ముందుంటుంది, తక్కినవి అనుసరిస్తాయి. అయితే ఆ ముందుండేది ప్రతిసారీ ఒకటే కాదు. ఈ విడత దారి చూపినది మరుసటి విడత వెనుక నడుస్తుంది. ఎవరికి మేత సంగతి తెలిసినా ఆ తెలివిడి మందకంతటికీ చేరే ఏర్పాటు ఇది. అనుసరించడమంటే ఆలోచన మానుకోవడమని భావించే సంపాదకీయ లేఖకుడు ఈ సంగతి దగ్గర కొంచెం ఆగవలసి ఉంటుంది.

గొర్రెను మహామేధావిగా నిలబెట్టడం కూడా అతిశయోక్తే అవుతుంది. 2005లో తుర్కియేలోని గెవాష్ వద్ద ఒక గొర్రె కొండ అంచు నుంచి దూకగా దాని వెనుక సుమారు 1,500 గొర్రెలు దూకాయి. 450 దాకా చనిపోయాయి. తర్వాత పడ్డవి ముందు పడ్డవాటి కుప్ప మీద పడి బతికాయి. గడ్డరికాప్రవాహం కట్టుకథ కాదు. భయపడ్డ మందకు తోటి గొర్రె వీపే దిక్కు. ప్రమాదంలో ప్రతి గొర్రె మంద మధ్యకు చేరాలని చూస్తుందని 2012లో ఆండ్రూ కింగ్ బృందం పరికరాలు కట్టి కొలిచి చూపింది. దాటులో ఉన్నది తెలివిలేమి కాదు, భయం. ఆ భయానికి ఒక లెక్క ఉన్నది. సామెత లెక్కను వదిలి తెలివిలేమిని మాత్రం పట్టుకున్నది.

అన్ని భాషలూ అదే పట్టుకోలేదని చెప్పడం న్యాయం. చీనా లిపిలో సౌందర్యం, మంచితనం, ధర్మం అనే మాటలను రాసే అక్షరాలన్నిటిలో గొర్రె గుర్తు ఉంటుంది. లాటిన్‌లో మందకు ‘గ్రెక్స్’ అని పేరు. మంద నుంచి వేరుగా నిలిచిన శ్రేష్ఠుణ్ణి చెప్పే మాట ఆ ధాతువు నుంచే పుట్టింది. ఇంగ్లీషులోకి ‘ఎగ్రీజియస్’గా వచ్చాక అదే మాట క్రమంగా ఘోరమైన తప్పుకు విశేషణంగా మారింది. మందలో ఉంటే మూర్ఖుడు, మందను వీడితే దుర్మార్గుడు! తెలుగులో పొట్టేలుకు మాత్రం కొంత గౌరవం దక్కింది. పొట్టేలు వెనక్కి తగ్గేది ఢీకొనడానికేనని తెలుగువారు ఒప్పుకుంటారు. మేకకు ‘మేకవన్నె పులి’లో సాధుత్వమూ, ‘మేకపోతు గాంభీర్యం’లో డాంబికమూ దక్కాయి. పంచతంత్రంలో బ్రాహ్మణుడు మేకను మోసుకుపోతూ, ముగ్గురు వంచకులు ఒకరి తర్వాత ఒకరు దానిని కుక్క అంటే నమ్మి దించేస్తాడు. పదిమంది మాట విని దాటినవాడు అక్కడ మనిషి. మేక మేకగానే ఉన్నది.

ఈ చర్చ బస్తర్ దగ్గర మరింత పదునెక్కుతుంది. ‘గొర్రె’ అనే మాటకు కన్నడంలో ‘కురి’, ప్రాచీన తమిళంలో ‘కొఱి’ సోదరులు. దీనికి పక్కన ద్రావిడ భాషల్లో మరో పాత మాట ఉన్నది. తమిళంలో ‘యాడు’, ‘ఆడు’, కన్నడంలో ‘ఆడు’, గోండీలో ‘ఏటి’, బలూచిస్తాన్‌లోని బ్రాహుయీలో ‘హేట్’. ఎక్కువ చోట్ల మేక అనీ, కొన్ని చోట్ల గొర్రె అనీ అర్థం. బరో, ఎమెనో తమ ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో (1961, రెండవ కూర్పు 1984) వీటిని ఒకే చోట చేర్చారు. తెలుగులో ఈ కుటుంబపు మాట ‘ఏట’. తెలంగాణ పల్లెల్లో ‘యాట’గా పెళ్ళి విందులోనూ, జాతర మొక్కులోనూ సజీవంగా వినిపించేది ఇదే. బస్తర్ గోండు ఇంటి వెనుక కట్టిన ‘ఏటి’, సిద్దిపేట విందులోని ‘యాట’ ఒకే మూలం నుంచి వచ్చాయన్న సంగతి తెలుగు పాఠకులలో ఎందరికి తెలుసు? ఇందులో గమనించవలసిన విశేషం మరొకటి ఉన్నది. ఎవరినీ ‘యాట’ అని తిట్టరు. ఆ మాట దేవుడికీ బంధువులకూ సంబంధించినది. తిట్టు మాత్రం గొర్రెకు అంటుకున్నది.

బస్తర్ అడవిసీమ. గొర్రెల మందలకు అనువైన బయలు నేలలు దక్కనువి. 2019 పశుగణన ప్రకారం దేశంలోని సుమారు 7.42 కోట్ల గొర్రెలలో తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు ఉన్నాయి. దాదాపు సగం మంద తెలుగువారిదే. ఛత్తీస్‌గఢ్‌లో గొర్రెలకన్నా మేకలు ఎన్నో రెట్లు ఎక్కువ. ‘గొర్రెదాటు’ అనే ఉపమానం మైదానపు తెలుగువాడి కొట్టంలో తయారై, శబరి నది దాటి, గొర్రె అంతగా కనిపించని ఊళ్ళ మనుషుల మీద ప్రయోగానికి వచ్చింది.

ఆ ప్రయోగం మర్యాద రూపంలో ‘అమాయక గిరిజనులు’ అని వినిపిస్తుంది. తెలుగు దినపత్రికల్లో, శాఖల నివేదికల్లో, సానుభూతితో రాసిన కథల్లో సైతం ఈ జంటపదం విడదీయరానిదై కూర్చున్నది. గొర్రె అనే తిట్టుకూ, అమాయకుడనే బిరుదుకూ తేడా స్వరంలోనే. రెండూ చెప్పేది ఒక్కటే: వీరికి తమ మేలు తెలియదు, ముందు నడిచేవాడు ఎటు తీసుకుపోతే అటు పోతారు. బస్తర్ చరిత్ర ఈ మాటను భరించదు. 1905లో మూడింట రెండు వంతుల అడవిని రిజర్వు చేయాలని, పోడునూ వేటనూ అటవీ ఫలసేకరణనూ ఆపాలని ప్రభుత్వం ప్రతిపాదించింది. 1910లో కాంగేర్ అడవి ప్రాంతపు ధుర్వాలు మొదట కదిలారు. నేతానార్‌కు చెందిన గుండాధుర్ ఆ ఉద్యమంలో ముఖ్యుడు. మామిడి కొమ్మలు, మట్టిబెడ్డ, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి కబురుగా వెళ్ళాయి. ప్రతి ఊరూ ఖర్చుకు తన వంతు ఇచ్చింది. దానిని అణచడానికి బ్రిటిష్ సైన్యానికి మూడు నెలలు పట్టింది. అణచిన తర్వాత కూడా రిజర్వు పని కొంతకాలం ఆగింది, రిజర్వు చేయదలచిన విస్తీర్ణం దాదాపు సగానికి తగ్గింది.

కొమ్మ అందిన ఊరు కదిలిందని చెప్పి దీనిని దాటు అనవచ్చు. అయితే కబురు అందుకుని, చందా లెక్క వేసుకుని, ఎవరి మీద కోపమో ఎంచుకుని కదిలిన ఊరిని అమాయకమనడానికి చాలా ధైర్యం కావాలి. 2005 తర్వాతి సంఘర్షణ కాలంలో బస్తర్ నుంచి ఖమ్మం, గోదావరి అడవులకు కుటుంబాలు తరలివచ్చినప్పుడూ ఇదే పలుకుబడి తిరిగి వినిపించింది. వారికి తెలుగు నేల మీద ‘గొత్తికోయలు’ అన్న పేరు పెట్టారు, ‘గుంపులు గుంపులుగా’ వచ్చారని రాశారు. ఏ వాగు దాటాలో, ఏ బంధువు ఊరి దాపున ఆగాలో, పోడుకు ఏ వాలు అనువో తేల్చుకున్న నిర్ణయాలు ఆ ‘గుంపు’ అనే మాటలో కనిపించవు.

కోంటా, భోపాలపట్నం ప్రాంతాల్లో గోండీ మాండలికాలూ తెలుగూ చాలాకాలంగా కలిసి నడుస్తున్నాయి. దోర్లాల వాడుకలో తెలుగు ప్రభావం స్పష్టం. అక్కడి జీవితాన్ని తెలుగులోకి తెచ్చే అనువాదకుడికి ఈ చర్చ నేరుగా పనికివస్తుంది. మూలంలో మేక ఉన్న చోట తెలుగు అలవాటు కొద్దీ గొర్రెను పెడితే జంతువు ఒకటే మారదు, తీర్పు కూడా వెంట వస్తుంది. ‘ఏటి’కి సమానమైన ‘ఏట’, ‘యాట’ తెలుగులోనే ఉన్నప్పుడు శిష్టభాష వాటిని గ్రామ్యమని పక్కన పెట్టడం అనువాదాన్ని పేదది చేస్తున్నది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం ఇటువంటి మాటలను పని చేసేవారి నోటి నుంచే సేకరించే పద్ధతిని తెలుగుకు అలవాటు చేసింది. కురుమల ఒగ్గుకథల్లో గొర్రె వేరే రూపంలో కనిపిస్తుంది. వారి పురాణంలో గొర్రెలు పుట్టలోంచి వెలువడతాయి. మనిషి వాటిని పట్టి తెచ్చినవాడు కాదు, అవి అప్పగింతగా అందినవాడు. 2017లో కన్నుమూసిన చుక్కా సత్తయ్య వంటి ఒగ్గు కళాకారులు రాత్రంతా పాడిన కథల్లో మల్లన్న, బీరప్ప గొర్రెల కాపరులే, దేవుళ్ళు కూడా వారే. తెలుగు నిఘంటువులో ‘గొర్రె’ పక్కన మూర్ఖుడు అనే అర్థం చేరినప్పుడు, ఆ పక్కనే కాపరి ఎరిగిన గోత్రాలకూ, ఒగ్గు పాటలోని పుట్టకూ, సరిహద్దు అవతలి ‘ఏటి’కీ చోటు ఉండాలని కోరడం అత్యాశ కాదు.