హక్కు సరే, గడ్డి ఎవరిది?

జంతువులకు మనుషులతో సమానంగా చట్టబద్ధమైన హక్కులుండాలా? ఈ ప్రశ్న కోర్టులో అడగటం వేరు, అనంతపురం మెట్టనేల మీద నిలబడి అడగటం వేరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల యిది. వేరుశనగ ఎండిపోతే మనిషికి గింజ పోతుంది, ఎద్దుకు కట్టె పోతుంది. రెండు ఆకళ్ళకూ ఆధారం ఒకే చేను.

జల్లికట్టు కేసులో 2014లో సుప్రీంకోర్టు జంతువు బతుక్కీ గౌరవం ఉందన్నది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు జంతువులను చట్టం దృష్టిలో వ్యక్తులుగా ప్రకటించింది. 2023లో రాజ్యాంగ ధర్మాసనం మాత్రం జంతువులకు ప్రాథమిక హక్కులున్నాయని చెప్పిన పూర్వపు తీర్పేదీ తమకు కనబడలేదన్నది. ఇంతా చేసి 1960 నాటి చట్టం కింద జంతువును హింసించిన వాడికి మొదటిసారి పడే జరిమానా 10 నుంచి 50 రూపాయలు!

చట్టం ఎవరి వైపు వేలు చూపుతున్నదో గమనించాలి. పశువుల సంతల్లో వధకు అమ్మకాన్ని నిషేధిస్తూ 2017లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి అవి ఆగిపోయాయి. వాటిలో అమ్మవద్దన్న మాట ఉంది. అమ్మకుండా మేపటం ఎలాగో లేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. పుండు మీద కాకిని తోలటమే తప్ప పుండుకు మందు వేసే బాధ్యత ఎవరిదో చెప్పని చట్టమిది.

మన సాహిత్యం కూడా ఈ విషయంలో నిర్దోషి కాదని నా అభిప్రాయం. కరువు కథల్లో ఎద్దు రైతు దుఃఖానికి ఉపమానంగానే ఎక్కువగా వస్తుంది. సంతలో పలుపుతాడు చేతులు మారగానే రైతు తల తిప్పుకుంటాడు. కథ కూడా అక్కడే తల తిప్పుకుంటుంది. తర్వాత లారీలో నీళ్ళులేక నిలబడ్డ ఎద్దు ఎవరి కథ?

అయితే సమాన హక్కులన్న మాట నేను ఒప్పుకోను. గుడిలోకి గబ్బిలం వెళ్ళగలదు, అంటరానివాడు వెళ్ళలేడు. ఈ చేదు నిజం మీదే జాషువా 1941లో ‘గబ్బిలం’ కట్టాడు. మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశ చట్టం వచ్చింది 1947లో. మనిషికి మనిషితో సమానత్వమే పూర్తిగా దక్కనిచోట ఎద్దుతో సమానత్వం మాట్లాడటం తేలిక. దానివల్ల ఎవరి ఆస్తీ కదలదు.

ఎద్దుకు కావలసింది ఓటు కాదు, ఆస్తిహక్కు కాదు. ఆకలితో, దాహంతో, దెబ్బలతో చావకుండా ఉండటం. దీన్ని హక్కు అనటానికి నాకు అభ్యంతరం లేదు. కానీ హక్కు ఉన్నచోట బాధ్యుడు ఉండాలి. కరువు ప్రకటించిన ప్రభుత్వమే ఎద్దు సంతకు పోకముందే ఊళ్ళో గడ్డి, తొట్టిలో నీళ్ళు పెట్టాలి. ఆ బాధ్యత చట్టంలో రాయనంతకాలం, ఎద్దు పేరుతో ఇచ్చిన హక్కు రైతు మీద వేసిన శిక్షే అవుతుంది. ఎద్దుకు మిగిలేది మాత్రం ఖాళీ గాడే.