పానా పట్టకముందే సగం పని

మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి నాగపూర్ వైపు, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి కరీంనగర్ వైపు సాగుతాయి. 1998 చివర్లో వచ్చిన ఇండికా, 2000లో వచ్చిన క్వాలిస్ లాంటి పాత డీజిల్ బండ్లు ఈ దారుల్లోని షెడ్లకు తెచ్చే ఫిర్యాదుల్లో తరచూ వినిపించేది ఒకటే: ఆయిల్ కారుతోంది. కారుతున్న చోటు కనిపెట్టడం ఎంత గొప్ప పనితనమో దగ్గరగా చూస్తేగాని తెలియదు.

పెంకుటింట్లో పెంకు పగిలేది ఒకచోట, గోడ తడిసేది మరోచోట. ఇంజిన్ కథా అంతే. ఆయిల్ కిందికి జారుతుంది. బండి పరుగెత్తేటప్పుడు గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. ఇంజిన్ పైనుండే టాపెట్ కవర్ ప్యాకింగ్ వేడికి గట్టిపడి వెనక మూలన వదిలితే, ఆయిల్ బ్లాక్ వెంట దిగి, ఇంజినూ గేర్‌బాక్సూ కలిసేచోట చుక్కలు కడుతుంది. చూసినవాళ్లు క్రాంక్ వెనక సీలు పోయిందంటారు. ఆ సీలు మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, క్లచ్ విప్పాలి. ప్యాకింగ్‌కైతే పైన కొన్ని బోల్టులు విప్పితే చాలు. మెకానిక్ నిజాయితీకి, నైపుణ్యానికి పరీక్ష ఇక్కడే.

మంచి మెకానిక్ ముందు ఆ చుక్క ఏమిటో చూస్తాడు. డీజిల్ ఇంజిన్ ఆయిల్ మసితో నల్లబడుతుంది. గేర్ ఆయిల్‌కు గంధకం లాంటి ఘాటు వాసన. డీజిలైతే పలచగా ఉండి వాసనతోనే పట్టుబడుతుంది. తర్వాత ఆల్టర్నేటర్‌కు పాలిథిన్ కవరు చుట్టి, ఏళ్ల జిడ్డునంతా బ్రష్‌తో కడిగి, గాలి కొట్టి ఆరబెడతాడు. అనుమానమున్న చోట్ల టాల్కం పౌడర్ చల్లి, బండిని వేడెక్కేదాకా తిప్పుకొస్తాడు. వేడెక్కిన ఆయిల్ పలచబడి, చల్లగా ఉన్నప్పుడు దాక్కున్న లీకు బయటపడుతుంది. ఇక టార్చి, చిన్న అద్దం. తడిసిన పౌడర్‌లో అన్నిటికంటే పైనున్న చోటే అతనికి కావలసింది.

డీజిల్ ఇంజిన్‌కు మరో తిరకాసు ఉంది. పెట్రోల్ ఇంజిన్‌లో థ్రాటిల్ వల్ల పుట్టే వాక్యూమ్ దీంట్లో పుట్టదు. అందుకే వాక్యూమ్‌తో పనిచేసే బ్రేక్ బూస్టర్ కోసం విడిగా పంపు పెడతారు. చాలా పాత డీజిళ్లలో అది ఆల్టర్నేటర్ వెనక ఉంటుంది, దానికి ఇంజిన్ ఆయిలే పైపులో వెళ్లి వస్తుంది. ఆ పైపు వదులైనా, పంపు సీలు అరిగినా తడిసేది ఇంజిన్ పక్క భాగమే.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది తర్వాతి అడుగు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి, పైన అరచెయ్యి పెట్టి చూస్తాడు. పిస్టన్ రింగులు అరిగితే సిలిండర్లోని గ్యాస్ కింది ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. దాన్ని బయటికి వదిలే బ్రీదర్ పైపు జిడ్డుతో మూసుకుపోతే ఆ ఒత్తిడి బలహీనమైన సీలును వెతుక్కుని ఆయిల్‌ను బయటికి తోస్తుంది. అప్పుడు సీలు మార్చి పంపిస్తే ఆయిల్ మళ్లీ కారుతుంది. ముందు శుభ్రం చేయాల్సింది బ్రీదర్‌ని.

బిగించడంలోనూ అంతే శ్రద్ధ. పాత ప్యాకింగ్ ముక్కలను గీత పడకుండా గీకుతాడు. బోల్టులను మధ్య నుంచి అంచులకు, విడతలుగా బిగిస్తాడు. బలం ఎక్కువైతే ప్యాకింగ్ నలిగి మళ్లీ వదులుతుంది. సిలికాన్ పేస్టు పొదుపుగా వాడతాడు, ఎక్కువైనది లోపల ఊడిపడి ఆయిల్ పంపు జాలికి అడ్డుపడగలదు కనుక. ఆపైన ఇంకోసారి పౌడర్, ఇంకోసారి రోడ్డు.

సొంత కార్లకు 15 ఏళ్లు నిండాక అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. ఆ వయసులో బండిని నిలబెట్టేది ఈ ఓపికే. కానీ బిల్లులో సీలు ధర ఉంటుంది, బిగింపు కూలి ఉంటుంది. వెతికినందుకు పైసా ఉండదు. ఆ వెతుకులాటకు అడగకుండానే ఒక రోజు గడువూ, దానికి తగ్గ కూలీ ఇవ్వడం మన వంతు.