దూరం నుంచి సర్వరు ప్రారంభం: సాంకేతిక తెలుగు పరిభాషపై విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం:
సాంకేతిక పరిభాష వస్తువుకు పేరు పెడితే సరిపోదు. దాని పనితీరును స్ఫురింపజేయాలి. ఆపివేసిన సర్వరును వెబ్ పేజీ ద్వారా ఆన్ చేసే ప్రక్రియను ‘దూరనియంత్రణ’ అంటే దూరం తెలుస్తుంది గాని, యంత్రంలో మిగిలివున్న మెలకువ తెలియదు.

విశ్లేషణ:
1998లో వెలువడిన ఐపీఎంఐ ప్రమాణాన్ని అనుసరించే సర్వరు ఆగిపోయినా, అందులోని ‘బీఎంసీ’ అనే చిన్న నియంత్రిక స్టాండ్‌బై విద్యుత్తుతో పనిచేస్తూనే ఉంటుంది. వెబ్ పేజీ నుంచి వచ్చిన ఆజ్ఞను అందుకొని సర్వరును లేపేది అదే. కరెంటు పూర్తిగా పోతే ఆ ఆజ్ఞను అందుకొనేదేదీ ఉండదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో బోర్లపై ఆధారపడిన రైతులకు ఈ భావం కొత్తది కాదు. రైతు ఇంట్లో నిద్రిస్తున్నా, త్రీఫేజ్ కరెంటు రాగానే ‘ఆటో స్టార్టర్’ మోటారు వేస్తుంది. మోటార్లన్నీ ఒకేసారి మొదలైతే ట్రాన్స్‌ఫార్మర్‌పై భారం పడుతుంది. కరెంటు తిరిగి వచ్చాక సర్వర్లను వ్యవధి ఇచ్చి ఒక్కొక్కటిగా లేపే అమరికకూ ఇదే కారణం.

అయితే ఈ పోలికకు పరిమితి ఉంది. ఆటో స్టార్టర్ ఎవరి ఆజ్ఞ కోసమూ ఎదురుచూడదు. కరెంటు రాకే దానికి ఆజ్ఞ. సిమ్ కార్డుతో పనిచేసే మొబైల్ స్టార్టర్ బీఎంసీకి మరింత దగ్గరి పోలిక.

ముగింపు:
‘స్టార్టర్’ ఆంగ్లపదమే అయినా పొలంలో తెలుగు అర్థాన్ని సంపాదించుకుంది. పాఠ్యరచయిత అక్కడి నుంచి మొదలుపెడితే విద్యార్థి నిర్వచనాన్ని వల్లించనక్కరలేదు. ఆజ్ఞ ఫలించనప్పుడు సర్వరు కంటే ముందు కరెంటును చూడాలని అతనికే తోస్తుంది.