ఫూటా కొండదారి, దాని ఈడు కారు

ఫ్లోరెన్స్ నుంచి బొలోన్యాకు సొరంగాలూ వంతెనలూ దాటుకుంటూ పోయే ఎక్స్‌ప్రెస్‌ వే ఉంది. దాన్ని వదిలేసి, ముజెల్లో లోయలోంచి అపెనైన్ కొండల మీదికి ఎక్కే పాత 65వ నంబరు రోడ్డు పట్టుకోవాలి. కారు కూడా ఆ రోడ్డు ఈడుదే అయితే ఆ ప్రయాణానికి సాటి లేదు.

1960 చివర్లో ఎక్స్‌ప్రెస్‌ వే తెరుచుకోగానే లారీలు అటు మళ్ళాయి. ఈ రోడ్డుకు అదే వరమైంది. మలుపులు కోసి తిన్నగా చేయాల్సిన తొందర ఎవరికీ లేకపోయింది. కొండ ఒదిగిన చోట రోడ్డూ ఒదుగుతుంది. వాగు అడ్డొస్తే లోపలికంటా వెళ్ళి చుట్టి వస్తుంది.

ఇక కారు. నా ఓటు అల్ఫా రోమియో 6సీ 1750కే. విత్తోరియో యానో రూపకల్పన, వరసగా ఆరు సిలిండర్లు, జగాతో వారి తేలికపాటి బాడీ. ముందు చక్రం మీద లేచిన మడ్‌గార్డు గీత తలుపు కిందికి జారి, వెనక చక్రం దగ్గర మళ్ళీ లేస్తుంది. ఆ గీతకు ఎక్కడా తెంపు లేదు. ఇటలీలో బండ్లు కుడివైపు నడుస్తాయి. ఈ కారు స్టీరింగూ కుడిపక్కే. అందుకని రోడ్డు అంచు, దానికి ఆనుకున్న గడ్డి, ఆ కింది లోయ డ్రైవరు మోచేతి పక్కనే ఉంటాయి.

అసలు రసం గేరు మార్చడంలో ఉంది. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాలి. క్లచ్ వదిలి యాక్సిలరేటర్‌ను ఒక్క తాపు తొక్కాలి. ఇంజిన్ గొంతు పైకి లేచిన ఆ క్షణాన మళ్ళీ క్లచ్ తొక్కి కింది గేరులోకి దించాలి. ముందు పడితే పళ్ళు కరకరమంటాయి, వెనకపడితే మలుపు దాటిపోతుంది. కుదిరినప్పుడు మాత్రం అది సమం మీద పడిన మృదంగపు దెబ్బే. మలుపు మలుపుకూ ఈ కచేరీ కొత్తగా మొదలవుతుంది. ఆటోమేటిక్ గేర్ల కారులో ఈ దారినే వెళ్ళినవాడు కొండను చూస్తాడేమో గానీ, వినడు.

బ్రెషా నుంచి రోమ్‌కు వెళ్ళి తిరిగొచ్చే మిల్లె మిల్యా పందెం ఈ రోడ్డులోని కనుమల మీదుగానే సాగేది. 1955లో స్టిర్లింగ్ మాస్ మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్ఎల్ఆర్‌లో సగటున గంటకు 157 కిలోమీటర్లకు పైగా వేగంతో గెలిచాడు. కారు మీది 722 అతను బయల్దేరిన వేళ: ఉదయం 7 గంటల 22 నిమిషాలు. ఆ హోరులో మాట వినపడదు గనుక, పక్కన కూర్చున్న డెనిస్ జెంకిన్‌సన్ కాగితపు చుట్టలో రాసుకున్న మలుపులను చదువుతూ చేతి సైగలతో దారి చెప్పాడు. ఆ సాహసానికి నమస్కరిస్తాను. కానీ 1957లో గ్విదిజోలో దగ్గర ఫెరారీ అదుపు తప్పి, దారి పక్కన నిలబడ్డ పిల్లలతో సహా తొమ్మిదిమంది ప్రేక్షకులూ, కారులోని ఇద్దరూ పోయారు. వేగపు పందెం అంతటితో ఆగింది. ఆగడమే న్యాయం. 1977లో పాత కార్లతో తిరిగి మొదలైన మిల్లె మిల్యాలో గెలుపు వేగానిది కాదు, నిర్ణీత సమయానికి చేరడానిది. ఈ రోడ్డుకు తగిన నడక అదే.

903 మీటర్ల ఎత్తున ఫూటా కనుమ. అక్కడ రెండో ప్రపంచయుద్ధంలో చనిపోయిన ముప్ఫై వేల పైచిలుకు జర్మన్ సైనికుల సమాధులున్నాయి. కారు పక్కకు తీసి కాసేపు నడవాలి. తర్వాత పియెత్రమాల, దాని పైన 968 మీటర్ల రాటికోసా.

బొలోన్యా వైపు నుంచి ఎక్కేవాళ్ళూ ఉన్నారు. నాకు ఈ దిశే ఇష్టం. ఫ్లోరెన్స్ వైపు ఎక్కడమంతా చెట్ల మధ్య, ఇరుకు మలుపుల్లో చేతులకు తీరిక ఉండదు. మొంగిదోరో దాటాక రోడ్డు గట్టు మీదికొస్తుంది. రెండు పక్కలా లోయలు విప్పారతాయి. ఉత్తరానికి పోతున్నాం గనుక సాయంత్రపు ఎండ ఎడమనుంచి పొడుగాటి బానెట్ మీద పడుతుంది. లొయానో వరకూ మూడో గేరు చాలు, బ్రేకు మీద కాలు పెట్టే పని తక్కువే.