మంచం పక్కన కూర్చునే పని

రోగులకు ఆధ్యాత్మికంగా తోడుండే ఆసుపత్రి చాప్లెయిన్ పని పైకి చిన్నదే: రోగి పక్కన కూర్చోవడం, వినడం. శిక్షణలో ఉన్నప్పుడు, గదిలోంచి బయటికొచ్చాక ఆ సంభాషణంతా గుర్తున్నంత మేరకు వరస తప్పకుండా రాస్తారు. మౌనంగా ఉండిపోయిన చోట్లు కూడా. రోగి ‘నాకేం భయం లేదు’ అన్నప్పుడు తాను మాట మార్చేసి ఉంటే అదీ రాసి, తోటివాళ్ల ముందు పెట్టి ‘ఇక్కడ నేనేం వినలేదు?’ అని అడుగుతారు. ఎంత ధైర్యం కావాలి!

1925లో అమెరికాలోని వూస్టర్ మానసిక వైద్యశాలలో క్రైస్తవ వేదాంత విద్యార్థులకు రోగుల మధ్యే ఇలాంటి శిక్షణ మొదలుపెట్టిన ఆంటన్ బోయిసెన్, స్వయంగా అలాంటి వార్డులో రోగిగా గడిపినవాడు. మనిషిని గ్రంథమంత శ్రద్ధగా చదవాలన్నాడు. ఇలా మనుషులకు తోడుండే మతసేవను అధ్యయనం చేసేందుకు 1985లో అమెరికాలో ఏర్పడ్డ పాస్టరల్ థియాలజీ సొసైటీ ఏటా జరిపే అధ్యయన సదస్సులకు ఇలాంటి మంచాల పక్కనే పునాది పడింది. నా దృష్టిలో ఆ సదస్సుల పాండిత్యం కన్నా ఈ వినడమే గొప్ప విద్య.