అల్పప్రతిభుడైన నాయకుడు : ఒక చైనా నవలా పరిశీలనము

చైనాభాషలోని అమరత్వసాధన కథలయందు నాయకుడు సాధారణముగా జన్మతః ప్రజ్ఞావంతుడు. 1932లో వెలువడనారంభించిన హ్వాన్‌జూ లౌజూ కృతి, షూ పర్వత ఖడ్గవీరుల కథయందు, లీ యింగ్‌చ్యుంగ్ అను బాలిక జన్మసిద్ధమైన యోగ్యతచేతనే శీఘ్రముగా పైకి వచ్చును. ఈ భావమునకు మూలములు ప్రాచీనములు. క్రీ.శ. 4వ శతాబ్దివాడైన గె హోంగ్ తన 'బావొపూజి' యందు అమరత్వము అభ్యాసముచే లభ్యమని వాదించెను. అయినను, తగిన నక్షత్రబలముతో పుట్టనివానికి ఆ మార్గమున విశ్వాసమే కుదురదనియు చెప్పెను.

ఈ సంప్రదాయమునకు ఎదురు నిలిచినది వాంగ్ యూ అను కలముపేరుగల రచయిత 2008 మొదలు 2013 వరకు ధారావాహికముగా అంతర్జాలమున ప్రకటించిన 'ఫన్‌రన్ షియూషియన్ జువాన్', అనగా 'సామాన్యుని అమరత్వసాధన కథ'. నాయకుడైన హాన్ లీ బీదపల్లెలో పుట్టినవాడు. అతని శక్తిమూలము నాలుగు ధాతువులు కలగలిసినదగుటచే, ఆ లోకపు కొలతలో మిక్కిలి హీనము. అతనికి కొండమీద ఆకుల నడుమ ఒక చిన్న పచ్చని సీసా దొరకును. రాత్రివేళ వెలుగును గ్రహించి అందు ఊరు ద్రవము లేతమొక్కను బహువర్షముల ఓషధిగా మార్చును.

ఇచ్చట ఒక ఆక్షేపణకు అవకాశము కలదు. సీసా లభించినవాడు అదృష్టవంతుడే కాని అసమర్థుడు కాడు; కావున ప్రజ్ఞకు మారుగా అదృష్టము వచ్చినది గాని నూతనత్వమేమియు లేదని అందురు. ఈ వాదము పైపైన సరియైనట్లు తోచును. కాని సీసా చేసిన పనియేమో చూడవలెను. అది హాన్ లీ మూలమును మార్చలేదు; బుద్ధిని పెంచలేదు; ఔషధములను మాత్రము సమకూర్చినది. ఇతరులు ఒకటి రెండు గుళికలతో దాటగోరు పునాది దశను అతడు పెక్కు గుళికలు మ్రింగి దాటెను. దీనివలన తేలునది యేమి? అల్పప్రతిభ యనబడునది ఈ కథలో నిజముగా అధికవ్యయము. మఠములు తిరస్కరించిన వారెందరో అయోగ్యులు కారు. వారిపై వ్యయము చేయువారు లేకపోయిరి. నవల నడచిన తీరే ఈ సత్యమును నిరూపించుచున్నది.

కొలత చోటును బట్టి మారుననుటకు మరియొక నిదర్శనము కలదు. పచ్చమేపుల్ లోయ మఠమువారు హీనమని త్రోసివేయదలచిన ఆ మూలముకొరకే, మొదట వైద్యుడు మో అతనిని శిష్యునిగా చేర్చుకొని, అతని దేహము నపహరింప చూచెను. తరువాత ఆ మఠమున అతనికి ప్రవేశము లభించినది పరీక్షవలన గాదు, హతుడైన వేరొక సాధకునినుండి చేజిక్కిన ఒక ప్రవేశఫలకమువలన.

అయినను నవలలోని లోపమును దాచుట విమర్శధర్మము గాదు. హాన్ లీ సీసారహస్యమును ఎవరికిని తెలుపడు. తెలిపినచో ప్రాణమే పోవును. కావున అతని జాగ్రత్త సహేతుకమే. కాని దాని ఫలితముగా, కొలత తప్పని నిరూపింపగల సాక్ష్యము ఒక్కనియొద్దనే మిగిలిపోవును. అతనితోపాటు మో వద్ద చేరిన చాంగ్ తియే అను మిత్రుడు మో చేతిలో చచ్చి, ఆత్మలేని బొమ్మగా మారును. ఆ దేహమునే తరువాత హాన్ లీ తన రక్షణకు వాడుకొనును. ఒకే మెట్టునుండి బయలుదేరిన ఇద్దరిలో ఒకడు పైకెక్కగా, రెండవవాడు పనిముట్టయ్యెను. రచయిత ఈ ఘట్టమువద్ద తగినంత నిలువలేదని మా అభిప్రాయము.

మన ఆలంకారికులు చెప్పిన నాయకభేదములలో ఇతడెక్కడ చేరును? ధీరత్వము కలదు గాని ఉదాత్తత లేదు, లాలిత్యము లేదు, ఔద్ధత్యమును లేదు, శాంతుడనుటకు రక్తపాతము అడ్డు. ధీరత్వమొక్కటియే మిగిలిన ఈ నాయకుని మేము ఉత్తమునిగా నిరూపింపబూనలేదు. విద్యార్థి తెలివిని ఒక్క పరీక్షతో నిర్ణయింప అలవాటుపడిన బోధకులమైన మేము, అతని కథయందు గ్రహింపదగినది ఒకటి కలదని మాత్రము తలంతుము. ఒకని లోటని మేము వ్రాసి పెట్టునది అతనిలోనున్న లోటో, అతనికి అందని ఔషధమో ముందు విచారింపవలెను. హాన్ లీ ఆ విచారణ తనకొక్కనికే చేసికొనెను. పాఠకుడు దానిని ఇతరులకును అన్వయించుకొనిననాడు ఈ నవల పఠనము సార్థకమగును.