ముఖచిత్రంలో ధ్వని: ‘రోలింగ్ స్టోన్’ అట్టలపై చిత్రం, అక్షరం, చట్రం

ప్రవేశిక

‘ధ్వని’ అనే మాటకు తెలుగులో రెండు ప్రసిద్ధార్థాలున్నాయి. చెవికి వినిపించే నాదం ఒకటి. ఆనందవర్ధనుడు కావ్యాత్మగా ప్రతిపాదించిన వ్యంగ్యార్థం మరొకటి. సంగీత పత్రిక ముఖచిత్రం ఈ రెండర్థాల నడుమ నిలిచే వస్తువు. పత్రికకు విషయం నాదం. కాగితానికి నాదం లేదు. వినిపించలేనిదాన్ని స్ఫురింపజేయడం ద్వారానే అది దుకాణంలో పాఠకుడి చేతిని తనవైపు తిప్పుకోవాలి. ఆ స్ఫురణ ఎలా కలుగుతుందో, అది ఎక్కడ పత్రిక అదుపు తప్పుతుందో అమెరికన్ పత్రిక ‘రోలింగ్ స్టోన్’ అట్టల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముఖచిత్ర చర్చల్లో తరచుగా ఆశ్రయించే సిద్ధాంతం రోలా బార్త్‌ది. చిత్రం అనేకార్థాలకు తావిస్తుందని, దాని పక్కనున్న మాట వాటిలో ఒక అర్థం దగ్గర చూపరిని లంగరు వేసినట్టు నిలుపుతుందని ఆయన 1964లో ప్రతిపాదించాడు. భారతీయ శాస్త్రంలో దీనికి దగ్గరి చర్చ ఉంది. నానార్థాలున్న పదానికి సంయోగం, ప్రకరణం, అన్యశబ్ద సన్నిధి వంటివి అర్థాన్ని నిర్ణయిస్తాయని భర్తృహరి చెప్పాడు. మమ్మటుడు దాన్ని స్వీకరించి ఒక అడుగు ముందుకు వేశాడు. అభిధ ఒక అర్థానికి నియంత్రితమైన తర్వాత కూడా రెండో అర్థం వ్యంజన వల్ల స్ఫురిస్తూనే ఉంటుందన్నాడు. బార్త్ లంగరు సిద్ధాంతం ఎక్కువగా పట్టించుకోని అంశం ఇదే.

చట్రం ఏర్పడిన క్రమం

1967 నవంబరు 9 తేదీతో శాన్ ఫ్రాన్సిస్కోలో వెలువడిన ‘రోలింగ్ స్టోన్’ తొలి సంచిక నేటి అర్థంలో పత్రిక అట్టలా ఉండదు. న్యూస్‌ప్రింటు మీద అచ్చయిన ఆ మొదటి పుటలో వార్తలూ ఉన్నాయి, ఛాయాచిత్రమూ ఉంది. రిచర్డ్ లెస్టర్ చలనచిత్రంలో సైనికుడి వేషం ధరించిన జాన్ లెనన్ ఆ చిత్రంలో కనిపిస్తాడు. గాయకుణ్ని పరిచయం చేస్తున్న ఆ చిత్రంలో పాట లేదు, వాద్యం లేదు. శిరస్త్రాణం, కళ్లద్దాలు ఉన్నాయి. పరిచితమైన ముఖం అపరిచితమైన వేషంలో కనబడటమే ఆకర్షణ. పైనున్న పత్రిక పేరును ఆ నగరపు కచేరీ పోస్టర్ల చిత్రకారుడు రిక్ గ్రిఫిన్ రూపొందించాడు. వార్తాపత్రికలా కనిపించే పుటకు ఆ వంపుల అక్షరాలు పోస్టరు సంస్కారాన్ని జోడించాయి. కచేరీ గోడను ఎరిగిన పాఠకుడికి ఆ అక్షరాకృతే సంగీతాన్ని స్ఫురింపజేసింది.

క్రమంగా వార్తలు లోపలికి తప్పుకొని, అట్టను ముఖం ఆక్రమించింది. పత్రిక పేరు, దాని కింద ఒక ముఖం, పక్కన కొన్ని శీర్షికలు అనే అమరిక స్థిరపడింది. ఆ చట్రంలో చోటు దొరకడమే కీర్తికి గుర్తయింది. ఇందుకు సాక్ష్యం పాట రూపంలోనే ఉంది. ఈ పత్రిక అట్టకెక్కాలన్న ఆశను పరిహసిస్తూ షెల్ సిల్వర్‌స్టీన్ రాసిన పాటను డాక్టర్ హుక్ బృందం 1972లో పాడింది. 1973 మార్చిలో పత్రిక ఆ బృందాన్ని నిజంగానే అట్టమీదికి ఎక్కించింది. అయితే ఛాయాచిత్రంగా కాదు, వ్యంగ్యచిత్రంగా. శీర్షికలో వారి పేరు చెప్పకుండా. అట్ట కీర్తిని ప్రసాదిస్తుందన్న విషయం పాఠకుడికి ముందే తెలిస్తేనే ఈ హాస్యం పండుతుంది. చట్రానికి సొంత అర్థం ఏర్పడిందనడానికి ఇది చాలు.

మాట తప్పుకున్న అట్ట

1980 డిసెంబరు 8న న్యూయార్క్‌లోని తమ నివాసంలో లెనన్, యోకో ఓనో దంపతులను ఆనీ లీబోవిట్జ్ ఛాయాచిత్రం తీసింది. కొన్ని గంటల తర్వాత లెనన్ హత్యకు గురయ్యాడు. ఆ చిత్రం 1981 జనవరి 22 సంచికకు ముఖచిత్రమైంది. నల్లని దుస్తుల్లో పడుకున్న ఓనోను నగ్నంగా ఉన్న లెనన్ గర్భస్థ శిశువులా ముడుచుకొని హత్తుకొని ఉంటాడు. అతడి కళ్లు మూసి ఉన్నాయి. ఆమె చూపు పాఠకుడి వైపు లేదు. అట్టమీద పత్రిక పేరు తప్ప శీర్షికలు లేవు.

సాధారణ ముఖచిత్రం ప్రధానంగా చూపు మీద ఆధారపడుతుంది. తారామణి కళ్లు పాఠకుణ్ని పిలుస్తాయి, శీర్షిక ఆ పిలుపుకు కారణం చెబుతుంది. ఇక్కడ రెండూ లేవు. అయినా అర్థం అస్పష్టం కాలేదు. శీర్షిక చేయవలసిన పనిని లోకానికంతటికీ తెలిసిన మరణవార్త చేసింది. శాస్త్ర పరిభాషలో ప్రకరణమే అర్థ నియామకమైంది. చిత్రం తీసినప్పుడు దాంపత్యాన్ని సూచించిన భంగిమ అచ్చయ్యేనాటికి వీడ్కోలును ధ్వనించింది. శృంగారానికి చెందిన విభావాలే కరుణను పోషించాయి. ఒక్క వాక్యం చేర్చి ఉన్నా ఈ పరిణామాన్ని అది వాచ్యంగా మార్చి చెడగొట్టేది. 2005లో అమెరికన్ పత్రికా సంపాదకుల సంఘం గత 40 ఏళ్ల ముఖచిత్రాల్లో దీనికి ప్రథమస్థానం ఇచ్చింది.

మాట నిలవని అట్ట

2013 ఆగస్టు 1 సంచిక దీనికి ఎదురు ఉదాహరణ. ఆ ఏడాది ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్ వద్ద జరిగిన పేలుళ్లలో ముగ్గురు మరణించారు. అప్పటికి నిందితుడైన జోఖర్ సర్నాయెవ్ తానే తీసుకున్న ఛాయాచిత్రం ఈ సంచిక అట్టకెక్కింది. చెదిరిన జుట్టు, మెత్తని వెలుతురు, నేరుగా చూసే కళ్లు. శీర్షిక మాత్రం దాపరికం లేనిది. అతణ్ని బాంబు పెట్టినవాడిగా పేర్కొని, ఆశలు రేపిన విద్యార్థి రాక్షసుడిగా మారిన కథ ఇదని చెప్పింది. అదే అట్టమీద విలీ నెల్సన్, జే-జీ వంటి సంగీతకారుల పేర్లు కూడా ఉన్నాయి.

సీవీఎస్, వాల్‌గ్రీన్స్ వంటి దుకాణ సంస్థలు సంచికను అమ్మబోమన్నాయి. బోస్టన్ మేయర్ థామస్ మెనినో ఇది హంతకుడికి తారాహోదా కల్పించడమేనని పత్రికకు లేఖ రాశాడు. గంభీరమైన పరిశోధనాత్మక రచనల సంప్రదాయంలోనే ఈ కథనం ఉందని సంపాదకులు సమర్థించుకున్నారు. ఆ సమర్థన తీసివేయదగినది కాదు. అదే ఛాయాచిత్రాన్ని అంతకుముందు ‘న్యూయార్క్ టైమ్స్’ మొదటి పుటలో ప్రచురించినప్పుడు ఇటువంటి అలజడి రాలేదు. చిత్రం ఒకటే, వ్యక్తి ఒకడే, మారింది చట్రం.

శీర్షిక బలహీనం కావడం వల్ల ఈ వివాదం పుట్టలేదు. అది వాచ్యార్థాన్ని స్పష్టంగానే నియంత్రించింది. కానీ పత్రిక పేరు కింద నేరుగా చూసే యువకుడి ముఖానికి దశాబ్దాలుగా స్థిరపడిన అర్థం ‘తార’. చుట్టూ ఉన్న గాయకుల పేర్లు అన్యశబ్ద సన్నిధిగా ఆ అర్థాన్నే బలపరిచాయి. మమ్మటుడు చెప్పినట్టు, నియంత్రితమైన అభిధ వెనుకనుంచి రెండో అర్థం లేచింది. లంగరు పడింది; ఓడ నిలవలేదు.

ఔచిత్య ప్రశ్న

నేరస్థుడి ముఖం సంగీత పత్రిక అట్టకెక్కడమే దోషమన్న వాదన నిలవదు. ఇదే పత్రిక 1970 జూన్‌లో చార్ల్స్ మాన్సన్‌ను ముఖచిత్రంగా వేసింది. అప్పటికి పత్రిక వయసు మూడేళ్లయినా లేదు. దాని చట్రానికి తారాకీర్తి అర్థం ఇంకా గట్టిపడలేదు. పైగా మాన్సన్ గాయకుడు కావాలని ప్రయత్నించినవాడు కావడంతో అతడి కథకు సంగీతలోకంతో సంబంధం ఉంది. ఔచిత్యాన్ని క్షేమేంద్రుడు వస్తువు గుణంగా కాక, స్థానాన్ని బట్టి ఏర్పడే సంబంధంగా చూశాడు. మొలనూలు మెడలో, హారం నడుముకు ధరిస్తే నగ అందం తగ్గదు, ధరించినవారు నవ్వులపాలవుతారు. 2013 నాటి చిత్రం వార్తాపత్రికలో వార్త, ఈ చట్రంలో పట్టాభిషేకం.

ముగింపు

వివాదాస్పద సంచిక దుకాణాల్లో మామూలు కంటే దాదాపు రెట్టింపు అమ్ముడైందని తర్వాతి లెక్కలు తెలిపాయి. ఆకర్షణే కొలమానమైతే అది విజయవంతమైన ముఖచిత్రం. 1981 నాటి అట్ట, 2013 నాటి అట్ట రెండూ పాఠకుణ్ని ఆపాయి. ఆగిన పాఠకుడికి అవి ఇచ్చిన అర్థాలు వేరు. మొదటిదానిలో వ్యంగ్యం వస్తువుకు పుష్టినిచ్చింది. రెండోదానిలో వ్యంగ్యం వస్తువుకు ఎదురు తిరిగింది. కనుక ముఖచిత్ర విమర్శ చిత్రాన్ని, శీర్షికను మాత్రమే చదివి ఆగరాదు. చట్రం కూడబెట్టుకున్న అర్థాన్నీ చదవాలి. తెలుగు సినిమా పాటల పుస్తకాల అట్టలను, క్యాసెట్ల ముఖచిత్రాలను పరిశీలించేవారికి కూడా ఈ పద్ధతి పనికొస్తుంది. అక్కడ గాయకుడి గొంతు నటుడి ముఖంతో అమ్ముడైంది. ఆ చట్రం ఎవరికి కీర్తినిచ్చి ఎవరిని మరుగుపరిచిందన్న ప్రశ్న ఇక్కడి పరిశోధనకు మిగిలి ఉంది.